దూది కళ్ల పిట్టది ఏ ఊరు?

మా కరుణ వదిన కాకినాడలో ఎనిమిదేళ్లు జువాలజీ లెక్చరర్‌గా పనిచేసింది. అన్నయ్యతో అమెరికా వచ్చాక డిపెండెంట్ వీసా వల్ల ఆరేళ్లు ఏ ఉద్యోగమూ చేయడానికి వీల్లేకపోయింది. ఎక్కడ ఏ ఫారం నింపాల్సి వచ్చినా, వృత్తి అని ఉన్న గడి దగ్గరికి రాగానే ఆమె పెన్ను కాసేపు ఆగేది. మూడో ఏట షికాగోలోని ఒక మ్యూజియంలో జీతం లేని వాలంటీరుగా చేరింది. ప్రతి మంగళవారం షామ్‌బర్గ్‌లో రైలెక్కి వెళ్లి, సొరుగుల్లో వరుసగా పడుకోబెట్టిన పాత పిట్టల చీటీలను కంప్యూటర్‌లోకి ఎక్కించేది. అవి మాంసం తీసేసి లోపల దూది కూరిన పిట్టలు. కళ్లు ఉండాల్సిన చోట కూడా తెల్లటి దూదే.

కిందటి ఏడాది ఒక సొరుగులో ఆమెకి చీటీ ఊడిపోయిన పిట్ట ఒకటి దొరికింది. కాలికి దారం మాత్రం మిగిలింది. వీపు వెలిసిన ఆకుపచ్చ, గొంతు నలుపు, నెత్తి నీలం, పొట్ట పసుపు. దాన్ని గ్రీన్ జే అంటారు. కాకి కుటుంబమే గానీ రంగులు మాత్రం పెళ్లికి బయలుదేరినట్టుంటాయి. ఈ రకం పిట్టలు రెండు చోట్ల ఉన్నాయి. ఒక గుంపు టెక్సాస్ దక్షిణ కొస నుంచి మెక్సికో మీదుగా హోండురాస్ దాకా. రెండో గుంపు దక్షిణ అమెరికాలో, వెనిజులా నుంచి ఆండీస్ కొండల వెంట బొలీవియా దాకా. ఆ రెంటికీ నడుమ కొన్ని దేశాల మేర ఈ పిట్ట జాడే లేదు. ఇవి ఒకే జాతా, రెండు జాతులా అని పుస్తకాలు రాసేవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. పేరు మాత్రం మొదట దక్షిణం పిట్టకే పెట్టారు, ఒకప్పుడు పెరూ ఏలిన ఇన్కా రాజుల పేరు. రెండూ ఒకటే అనుకుంటే ముందు పెట్టిన పేరే చెల్లుతుంది కాబట్టి, ఆ రాజుల గడ్డ ఎప్పుడూ చూడని టెక్సాస్ పిట్ట కూడా ఆ పేరే మోయాలి.

పొట్ట పసుపు కాబట్టి చీటీ లేని పిట్ట పెరూ వైపుదని వదిన అన్నది. విభాగం చూసే ఎలెన్ అనే పెద్దావిడ కాదన్నది. గ్వాటెమాలా వైపు కూడా పొట్ట పసుపే ఉంటుంది, ఇది ఉత్తరం పిట్టే అని ఆమె వాదన. అసలు తేడా ముక్కు మొదట్లో ఉంటుంది. దక్షిణం పిట్టకి అక్కడ ఈకలు బ్రష్షులా నిక్కబొడుచుకుని ఉంటాయి. ఉత్తరం పిట్టకి పొట్టిగా, అణిగి ఉంటాయి. మా పిట్టకి పొట్టిగానే ఉన్నాయి. "విరిగిపోయాయి, అందుకే పొట్టి" అన్నది వదిన. "అంత నమ్మకంగా ఉంటే నిరూపించు, కొత్త చీటీ మీద నీ పేరే రాస్తాను" అన్నది ఎలెన్. అప్పుడే వదినకి వర్క్ పర్మిట్ వచ్చింది. అదే విభాగంలో వారానికి మూడు రోజుల ఉద్యోగం ఒకటి పడింది. ఇంటర్వ్యూ ఫిబ్రవరిలో.

"సొరుగులో ఉన్నవన్నీ నలిగినవేనే సునీ. బతికున్న పిట్ట ముక్కు దగ్గరగా చూస్తే గానీ విరగని ఈక ఎలా ఉంటుందో తెలీదు" అన్నది నాతో. పెరూ వెళ్లే పరిస్థితి మాకు లేదు. టెక్సాస్ వెళ్లొచ్చు. అలా బయలుదేరాం.

అరోరా నుంచి

నేను అరోరాలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. నా పనే తప్పులు పట్టుకోవడం. రెండు రోజులు సెలవు పెట్టాను. అన్నయ్య మమ్మల్ని ఎయిర్‌పోర్ట్‌లో దింపుతూ, "చచ్చిన పిట్ట గురించి బతికున్న పిట్టని అడగడానికి వెళ్తున్నారన్నమాట" అన్నాడు. టికెట్లు మాత్రం అతని క్రెడిట్ కార్డు పాయింట్లతోనే బుక్ చేశాడు. మంచు కోట్లు వేసుకుని విమానం ఎక్కాం.

సెక్యూరిటీ దగ్గర వదిన బ్యాగ్ ఆపేశారు. కందిపొడి డబ్బా మూత తీసి, చిన్న గుడ్డతో తుడిచి, మెషీన్‌లో పెట్టి చూశారు. పక్కనే వదిన భూతద్దం, కొలబద్ద, పట్టకారు ఉన్నాయి. ఆ అమ్మాయి డబ్బా వంకా పట్టకారు వంకా మార్చి మార్చి చూసి, "ఏం పని మీద వెళ్తున్నారు?" అని అడిగింది.

"ఒక పిట్ట ముక్కు చూడాలి" అన్నది వదిన.

ఆ అమ్మాయి డబ్బా మూత పెట్టి ఇచ్చేసింది.

మెకాలెన్: చెత్తడబ్బా మీద

మెకాలెన్‌లో దిగేసరికి ఎండ. జనవరిలో కాకినాడ మధ్యాహ్నంలా ఉంది. దారి పొడుగునా నారింజ, పంపరపనస లాంటి గ్రేప్‌ఫ్రూట్ తోటలు. రోడ్డు పక్క బండి మీద ఒక సంచీ నిండా పళ్లు అయిదు డాలర్లు. మా దగ్గర దుకాణంలో ఆ డబ్బుకి నాలుగు రావు. వదిన ఒకటి అక్కడే ఒలిచింది. తొక్క నూనె చేతికి అంటుకుని రోజంతా కారంతా అదే వాసన.

నా ఊహలో ఆ పిట్ట దట్టమైన అడవిలో, ఎక్కడో కొమ్మ చాటున, గంటలు గంటలు కాచుకుంటే కనపడుతుంది. మేం దిగిన చిన్న సత్రం వెనక కారు ఆపి తలుపు తీయగానే, చెత్తడబ్బా అంచు మీద కూర్చుని ఉంది. ఎండిన రొట్టె ముక్కని కాలికింద అదిమిపెట్టి పొడుస్తోంది. నేను అరవబోయి నోరు మూసుకున్నాను. వదిన సీటు బెల్టు కూడా తీయకుండా అలాగే ఉండిపోయింది.

"రంగు చూశావా" అన్నది. "నాలుగేళ్లుగా వీటిని చేత్తో పట్టుకుంటున్నాను. పాత ఈకల్లో పసుపు పోతుంది కదా, ఆకుపచ్చ కాస్తా నీలంగా మారిపోతుంది. ఇంత పచ్చగా ఉంటుందని నాకు తెలీదే."

అంతలో ఇంకో అయిదు వచ్చాయి. వాటి అరుపు వర్ణించడం కష్టం. తుప్పు పట్టిన గేటు, కోపం వచ్చిన కాకి, ఎవరో పళ్లు నూరిన చప్పుడు, అన్నీ కలిపి. చిన్నప్పుడు ఇంగ్లీషు పుస్తకంలో మన పాలపిట్టని బ్లూ జే అని రాసి ఉండేది. అది జే కానే కాదు, ఎవరో తెల్లదొర పొరపాటుపడి పెట్టిన పేరు అని వదిన చెప్పింది. ఈ గొంతు విన్నాక నాకూ అర్థమైంది. పాలపిట్ట ఎంత అరిచినా ఇంత పోట్లాటగా అరవదు.

యొలాండా వంటగది

ఆ సత్రంలో పొద్దున్న టిఫిన్ చేసేది యొలాండా. యాభై దాటిన మనిషి. వెనిజులా నుంచి వచ్చి ఏడేళ్లయిందట. చిన్న వంటగది, ఒక కిటికీ. ఆమె మాకు మొక్కజొన్న పిండితో అరచేయంత వెడల్పున, మందంగా కాల్చిన రొట్టెలు పెట్టింది. మధ్యకి చీల్చి అందులో జున్ను, నల్ల చిక్కుళ్లు. మెక్సికో వాళ్లు మొక్కజొన్న పొట్టులో పిండి చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలీలు కూడా పక్కనే ఉన్నాయి. వదిన పొట్టు విప్పి, వాసన చూసి, "పొట్టిక్కలే సునీ, పనసాకు లేదంతే" అన్నది. కందిపొడి డబ్బా బయటికి వచ్చింది. యొలాండా వేలితో అద్దుకుని రుచి చూసి, రెండోసారి చెంచాతో తీసుకుంది.

ఫోన్‌లో వదిన ఆ చీటీ లేని పిట్ట ఫొటో చూపించింది. యొలాండా చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని చూసి, గట్టిగా నవ్వింది.

"కెర్రె కెర్రె! మా ఊరిది! పసుపు పొట్ట! ఇది మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

అక్కడ ఆ పిట్టని అరుపుని బట్టి అలాగే పిలుస్తారట. ఇంట్లో ఎప్పుడూ కయ్యానికి దిగే మనిషిని కూడా అలాగే అంటారట. "మా అమ్మ నన్ను అదే పేరుతో పిలిచేది. అసలు పేరు బడిలో మాత్రమే" అన్నది.

వదిన మొహం వెలిగిపోయింది. నా చెయ్యి గట్టిగా నొక్కింది.

యొలాండా ఫొటోని వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చూసింది. "కానీ దీని జుట్టేది? మా వాటికి ఇక్కడ ముక్కు మీద జుట్టుంటుంది. కళ్లు కూడా పసుపు."

"విరిగిపోయింది. చాలా పాతది కదా" అన్నది వదిన.

"మా వాటికి అంత తేలిగ్గా విరగదు" అని పొయ్యి వైపు తిరిగింది యొలాండా. కిటికీలోంచి బయటి పిట్టల్ని చూపిస్తూ, "ఇవి వేరే. నల్ల కళ్లు. ఎప్పుడూ దిగులుగా ఉన్నట్టుంటాయి. అరుపు కూడా ఒకటి కాదు. అయినా నేను రోజూ రొట్టె వేస్తాను. ఇక్కడ ఉన్నవి ఇవే కదా" అన్నది.

ఆదివారం, వల దగ్గర

మరునాడు ఆదివారం. ఇంటి దగ్గరైతే ఆ వేళకి తెలుగు చర్చిలో వదిన పాటల గుంపులో ఉండేది. కారులోనే కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంది. ఏం అడిగిందో నేను అడగలేదు, తెలుస్తూనే ఉంది.

నది దగ్గరి ఒక పక్షుల రక్షణ తోటలో ఆ పొద్దున్న పిట్టల కాళ్లకి ఉంగరాలు వేస్తున్నారు. ఆ పని చేస్తున్న డేల్ మిన్నెసోటాలో స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. ప్రతి చలికాలం ట్రైలర్ ఇల్లు కారుకి కట్టుకుని ఇక్కడికి వచ్చేస్తాడట. ఇలా వచ్చేవాళ్లు ఇక్కడ చాలామంది. సాయంత్రాలు పేకాట, పొద్దున్నే పిట్టలు. పొదల మధ్య సాలెగూడంత సన్నటి వల కట్టి, అందులో చిక్కిన పిట్టని తీసి, కొలిచి, కాలికి నంబరు ఉన్న ఉంగరం తొడిగి వదిలేస్తారు.

వదిన వచ్చిన పని చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. "నేను పెరూలో దీని చుట్టాన్ని చూశాను. ఒక పుస్తకం ప్రకారం నేను చూసిన జాతుల లెక్కలో ఇవి రెండు, ఇంకో పుస్తకం ప్రకారం ఒకటే. ఒకటే అన్న పుస్తకాన్ని మా ఆవిడ దాచిపెట్టింది, నేను బాధపడతానని" అన్నాడు.

వల వైపు నడుస్తూ ఇంకో సంగతి చెప్పాడు. ఇక్కడి పిట్టలు పిల్లల్ని ఏడాది దాకా గుంపులో ఉండనిస్తాయి. తర్వాతి ఏటి పిల్లలు గూడు దాటగానే తండ్రి పెద్దవాటిని తరిమేస్తుంది. దక్షిణాన మాత్రం అవి ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండి, తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ తామే మేత తెచ్చి పెడతాయట.

"అయితే అవి మా వాళ్లే" అన్నది వదిన. డేల్‌కి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. మా ఇంట్లో అన్నయ్యకి ఉద్యోగం వచ్చాకే నా చదువు సాగిందని, అది మాకు మామూలేనని.

వలలో జే ఉంది. డేల్ దాన్ని తీస్తుంటే వేలు కొరికి పట్టుకుంది. అతను "ఆ, ఆ, తెలుసులే" అంటూ వదలకుండా, మెడ రెండు వేళ్ల నడుమ వచ్చేట్టు పట్టుకుని, వదిన మొహం ముందు పెట్టాడు. "ఒక్క నిమిషం. అంతకంటే వద్దు, దానికి కంగారు."

వదిన భూతద్దం తీసింది. ఒక చేతిలో ఫోను, అందులో మ్యూజియం పిట్ట ముక్కు ఫొటో. భూతద్దంలోంచి బతికున్న పిట్ట, తల తిప్పి ఫొటో. మళ్లీ పిట్ట. నేను ఆమె వెనక నిలబడ్డాను. ముక్కు మొదట్లో నీలం ఈకలు చిన్నగా, చక్కగా, కొసలు సన్నగా తేలి ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు. ఫొటోలో కూడా అంతే పొడుగు, అవే సన్నటి కొసలు.

నేను పిట్టల మనిషిని కాదు. నాకు కూడా తేడా లేదని కనిపించింది.

"థాంక్యూ. వదిలేయండి" అన్నది వదిన.

డేల్ చెయ్యి తెరిచాడు. పిట్ట పొదలో దూరి అక్కడ నుంచి మమ్మల్ని తిట్టింది.

బెంచీ

తోటలో ఒక బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా ఒలిచిన నారింజ చెక్కలు మేకులకి గుచ్చి ఉన్నాయి. కోడంత పక్షులు వాటి కోసం కొట్టుకుంటున్నాయి. వదిన భూతద్దాన్ని గుడ్డలో చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"విరగలేదు. అవి పుట్టుకతోనే అంత. ఎలెన్ చెప్పిందే కరెక్టు" అన్నది.

"ఒక్క పిట్టే కదా చూశాం."

"నువ్వు ఆఫీసులో అలాగే అంటావా? ఒక్కసారే కదా క్రాష్ అయిందని?"

 ఆమే మళ్లీ అన్నది. "ఈ దేశం వచ్చాక నేను గట్టిగా నిలబడి అన్న మాట ఇదొక్కటే సునీ. ఇంట్లో కాదు, బయట. ఎలెన్ ముందు, ఆ పిల్లలందరి ముందు. పీహెచ్‌డీ చేసేవాళ్లు, నాకన్నా చిన్నవాళ్లు, తలూపుతూ విన్నారు. ఎంత బాగుందో తెలుసా అప్పుడు. అదీ తప్పే అయింది."

కళ్లు తుడుచుకోలేదు గానీ ముక్కు ఎర్రబడింది. నేను నోటికొచ్చింది అనేశాను. "వదినా, ఇంటర్వ్యూ ఇంకో మూడు వారాలుంది. అది అయ్యాక చెప్పొచ్చు కదా. అబద్ధం ఆడమనట్లేదు. ఇంకా చూస్తున్నాను అంటే చాలు."

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు. క్లాసులో వెనక బెంచీ విద్యార్థిని చూసినట్టు చూసింది.

"ఆ పిట్ట వందేళ్లుగా ఊరు పేరు లేకుండా పడుంది. ఇప్పుడు తెలిశాక కూడా, నా ఉద్యోగం కోసం ఇంకో మూడు వారాలు ఉంచమంటావా?"

అక్కడే బెంచీ మీద కూర్చుని ఎలెన్‌కి మెయిల్ రాసింది. రెండు ఫొటోలు పెట్టింది. తను ఎక్కడ పొరపాటు పడిందో మూడు వాక్యాల్లో చెప్పింది. పంపేముందు నన్ను స్పెల్లింగులు చూడమన్నది. ఒక్క తప్పూ లేదు.

నది ఒడ్డు

ఆ సాయంత్రం నది చూడటానికి వెళ్లాం. రియో గ్రాండే అంటే పెద్ద నది అని అర్థమట. గోదావరి చూసిన కళ్లకి అది పంట కాలువ. అవతలి గట్టు మెక్సికో. అక్కడ ఒకతను గాలం వేసి కూర్చున్నాడు. మేం చెయ్యి ఊపితే అతనూ ఊపాడు. మా వెనక కంకర రోడ్డు మీద సరిహద్దు గస్తీ బండి ఆగింది. ఆఫీసరు దిగి పలకరించాడు. ఇద్దరం చటుక్కున పాస్‌పోర్టులు తీశాం. అతను వాటిని చూసి ఇచ్చేసి, వదిన మెడలోని బైనాక్యులర్ వైపు చూపిస్తూ, "గ్రీన్ జేలు చూశారా? మా అమ్మమ్మ వాటిని దొంగలనేది" అన్నాడు. జే ఒకటి నది దాటి అవతలికి ఎగిరింది, ఇంకోటి ఇవతలికి వచ్చింది. వల దగ్గరి నుంచి వచ్చాక వదిన మొదటిసారి నవ్వింది.

సోమవారం పొద్దున్నే రోడ్డు పక్క బండి దగ్గర టాకోలు తింటుండగా ఎలెన్ జవాబు వచ్చింది. వదిన నాకిచ్చి చదవమన్నది, తను చదవలేనని. అందులో ఉన్నదింతే. తనది ఇన్నాళ్లూ అభిప్రాయం మాత్రమేనని, కారణాలు చూపించి తేల్చింది కరుణేనని, తిరిగొచ్చాక చీటీ రాయమని.

ఆ తర్వాతి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చీటీ రాసింది. ఉత్తరం గుంపు, బహుశా గ్వాటెమాలా వైపు అని, కింద నిర్ధారించినవారు అన్నచోట తన పేరు. ఉద్యోగం కూడా వచ్చింది, అయితే మూడు రోజులన్నది నిధులు చాలక రెండు రోజులైంది. అన్నయ్య చీటీ ఫొటోని ఫోన్‌లో పెట్టుకుని ఆఫీసులో అందరికీ చూపించాడు. వాళ్లకి ఏం అర్థమైందో తెలీదు.

చివరి ఉదయం

అదే సోమవారం, బయలుదేరేముందు యొలాండాకి చెప్పి వెళ్దామని వంటగదిలోకి వెళ్లాం. ఆమె పెనం మీద గుడ్లు వేసి ఉంది. వదిన మొహమాటపడుతూ, "ఆ ఫొటోలో పిట్ట మీ ఊరిది కాదు యొలాండా. నేను తప్పు చెప్పాను. క్షమించు" అన్నది.

"కాదా?" అన్నది యొలాండా.  భుజాలు ఎగరేసి, "జుట్టు లేదని నేను చెప్పానుగా" అని గుడ్ల వైపు తిరిగింది. కానీ ఉప్పు రెండుసార్లు వేసింది.

వదిన కాసేపు చూసి ఫోన్ తీసింది. పిట్టల గొంతులు దాచిపెట్టే వెబ్‌సైట్ ఒకటి ఉందట. అందులో వెతికి వెతికి, వెనిజులా కొండల్లో ఎవరో రికార్డు చేసిన అరుపు పట్టుకుంది. కిటికీ మూసి, బయటి పిట్టలు బెదరకుండా, మీట నొక్కింది.

మొదట గాలి చప్పుడు. దూరంగా కుక్క. తర్వాత కెర్రె, కెర్రె, కెర్రె.

యొలాండా అట్లకాడ పట్టుకునే కుర్చీలో కూర్చుండిపోయింది. రికార్డింగ్ అయిపోయింది. "మళ్లీ" అన్నది. వదిన మళ్లీ పెట్టింది. మూడోసారి యొలాండా ఫోన్ తన చేతిలోకి తీసుకుంది. అవతల ఎవరో తనతో మాట్లాడుతున్నట్టు చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది. కన్నీళ్లు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు. మధ్యలో స్పానిష్‌లో ఏదో అని, తనే నవ్వింది. 

పెనం మీంచి మాడు వాసన వచ్చింది. నేను అట్లకాడ అందుకుని, మాడినవి తీసేసి, కొత్తగా గుడ్లు కొట్టాను. ముందు గదిలోంచి ఎవరో కాఫీ కోసం పిలిచారు. యొలాండా లేవబోతే వదిన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. కొక్కేనికి ఉన్న ఏప్రన్ తీసి కట్టుకుని, కాఫీ కూజాతో తలుపు తోసుకుని ముందు గదిలోకి వెళ్లింది.